మంచిగనే ఉన్నం

318వ రోజు

పంకా వేగం: మామూలు. గాలి ఒత్తిడి: మామూలు. తలుపులు: ఒకటి, రెండు, మూడు తెరిచి ఉన్నాయి. నాలుగు మూసి ఉంది.

ఇతర విషయాలు: నా భర్త ఓదెలు పొద్దున అన్నం తిని "కూర మంచిగున్నది" అన్నాడు. నేను కూరలో ఉప్పు వేయలేదు. మరిచిపోయి కాదు. ఏమంటాడో చూద్దామని.

పంకా ఆపరేటర్ మనసు పని మీద నిలవకుండా చేసే సంగతి ఏదైనా ఉంటే ఈ గడిలో రాయాలని నిబంధన ఉంది. నేను ఆపరేటర్‌గా చేరిన ఆరేళ్లలో ఈ గడిని ఎవరూ చదివిన దాఖలా లేదు. కాబట్టి వివరంగా రాస్తున్నాను.

318 రోజుల కింద నాలుగో తలుపు వెనక బొగ్గు గోడ దానంతటదే అంటుకుంది. గని మూతపడ్డాక ఇలా పాత బొగ్గు బాయిలో కాపురాలు పెడితే ఇది ఉండే ప్రమాదమే. మేనేజర్ ఐలయ్య సారు ఫోన్ చేసి తలుపు వెయ్యమన్నాడు. ఆ తలుపూ, దాని మీటా ఈ పంకా గది పక్కనే ఉంటాయి. వేశాను. లోపల పుట్టగొడుగుల మడుల దగ్గర ఓదెలు తమ్ముడు మొగిలి ఉన్నాడు. వయసు ఇరవై ఆరు. తలుపు వేయకపోతే పొగ బాయిలో ఉన్న నాలుగు వందల పన్నెండు మందినీ కమ్మేసేది. ఈ మాట అందరూ ఒప్పుకున్నారు. ఓదెలు కూడా ఒప్పుకున్నాడు. "నువ్వు జేశింది కరెక్టే" అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్నీ మంచిగున్నాయి.

321వ రోజు

పంకా మామూలు. తలుపులు మామూలు.

ఇతర విషయాలు: షిఫ్టు దిగాక సువార్త మేడం గదికి వెళ్లాను. గని నడిచిన కాలంలో అది మందుగుండు దాచిన గది. గోడలు నాలుగడుగుల మందం. లోపల ఏం మాట్లాడినా బయటికి వినబడదని ఆ గది ఇచ్చారు. గ్యాలరీలలో, అంటే పాత గని సొరంగాల్లో, ఉన్న మిగతా ఇళ్లకు గుడ్డ తెరలే గోడలు. మొగుడూపెళ్లాల మధ్య మాట కుదరకపోతే గురువారం గురువారం ఇద్దరూ వచ్చి మేడం ముందు కూర్చోవచ్చు.

మేడం ఒక ఫారం ఇచ్చింది. దాని మీద ఇద్దరి వేలిముద్రలూ పడాలి.

"మీ ఆయనకు జెప్పినవా స్వరూపా?"

"లేదు మేడం."

"జెర మెల్లగ జెప్పు. 'నీకు అవసరం' అనకు. 'మనకు' అను. అన్నం తినేటప్పుడు జెప్పకు, తినుడు ఆపేస్తరు. పండుకునేటప్పుడు జెప్పకు, నిద్ర వచ్చినట్టు జేస్తరు."

"మరెప్పుడు జెప్పాలె?"

మేడం ఆలోచించింది. "అది నాకు గూడ సరిగ తెల్వదు" అంది. ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

322వ రోజు

పంకా మామూలు.

ఇతర విషయాలు: ఈ పంకా చప్పుడులో ఎంత గట్టిగా మాట్లాడినా ఎవరికీ వినబడదు. అందుకని షిఫ్టంతా మాటలు వల్లెవేసుకున్నాను. "మనం ఒకసారి సువార్త మేడంను కలుద్దామా?" దీన్ని పదకొండు రకాలుగా అనవచ్చు. తొమ్మిది రకాలు తిట్టినట్టు వినిపిస్తాయి.

సాయంత్రం ఇంటికి వెళ్లాక వేరే దారి పట్టాను. "మూడో గ్యాలరీ రాజేశం, ఆయన భార్య మేడం కాడికి పోతున్నరట. ఇప్పుడు శాన మంచిగున్నరట" అన్నాను.

ఓదెలు గంపలు అల్లుతున్నాడు. "వాళ్లు రోజూ కొట్టుకుంటరు గదా. పోవాలె మరి" అన్నాడు. "మనం ఎన్నడన్న కొట్టుకున్నమా?"

కొట్టుకోలేదు. అది నిజం.

326వ రోజు

పంకా మామూలు. రెండో తలుపు బందు కిర్రుమంటోంది, నూనె పోశాను.

ఇతర విషయాలు: రెండో ప్రయత్నం. తలుపుకు ఇవతల కొత్తగా వేసిన పుట్టగొడుగుల మడులకు ఓదెలు నీళ్లు చల్లుతుంటే పక్కన నిలబడి, "మన ఇంట్ల ఏదో ఒకటి సరిగ లేదనిపిస్తాంది. ఎప్పుడు కూలుతదో అన్నట్టున్నది. ఎవలకన్న చూపెడదామా?" అన్నాను. ఇది నేను చాలా ఆలోచించి తయారు చేసుకున్న వాక్యం.

ఓదెలు చల్లడం ఆపి నా వైపు చూశాడు. ఇన్ని నెలల్లో అంత సూటిగా చూడలేదు. "నాకు గూడ అనిపించింది" అన్నాడు.

ఫారం ఇంట్లో ఏ పెట్టెలో పెట్టానో గుర్తు చేసుకున్నాను.

సాయంత్రానికి ఆయన స్టోరు నుంచి ఆరడుగుల కర్ర దిమ్మె మోసుకొచ్చి, మంచం పక్కన పైకప్పుకు ఊతంగా నిలబెట్టి, చెక్కలు దిగ్గొట్టి, కదిలించి చూశాడు. "ఇగ ఏం కాదు" అన్నాడు.

ఇప్పుడు మా కప్పు ఈ బాయి మొత్తంలో గట్టి కప్పు. మంచం దిగాలంటే దిమ్మెను చుట్టి రావాలి.

333వ రోజు

పంకా మామూలు. నాలుగో తలుపు వెనక గాలిలో విషం చూపించే ముల్లు వారం రోజులుగా సున్నాకు దగ్గరగానే ఉంది. లోపల మంట చచ్చిపోయిందని అర్థం.

ఇతర విషయాలు: ఏడాది దాటాక 370వ రోజున నాలుగో తలుపు తెరుస్తామని ఐలయ్య సారు నోటీసు పెట్టాడు. ముసుగులు తొడుక్కుని నలుగురు లోపలికి వెళ్లాలి. గోడలు చూడాలి, మొగిలిని బయటికి తేవాలి. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు పేర్లు రాయాలి. మొదటి పేరు ఓదెలుది. తేదీ చూస్తే నోటీసు పడ్డ రోజే, నాలుగు రోజుల కిందే, రాశాడు. నేను ఇవాళే చూశాను.

వాళ్లు లోపలున్నంతసేపు గొట్టంలో గాలి పంపే ఆపరేటర్ కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. ఐలయ్య సారు కాగితం నా ముందు పెట్టాడు. "ఓదెలు జెప్పే ఉంటడు గదా" అన్నాడు.

"జెప్పిండు సారు" అని సంతకం పెట్టాను.

334వ రోజు

పంకా మామూలు.

ఇతర విషయాలు: అన్నం తినేటప్పుడే చెప్పాను. మెల్లగా చెప్పే ఓపిక అయిపోయింది.

"నాలుగో తలుపుల పోతున్నవట."

"ఊ."

"నాకు జెప్పొద్దా?"

"నీకు ఎట్లన్న తెలుస్తది గదా అని."

"మనిద్దరం సువార్త మేడం కాడికి పోదాం. ఒక్కసారి."

ఓదెలు ముద్ద దింపాడు. తినడం ఆపేస్తారని మేడం అన్నది నిజమే. "ఆడికి పోయి ఏం జెప్పాలె?"

"ఏదుంటే అది."

"ఏం లేదు స్వరూపా. మంచిగనే ఉన్నం."

తెర అవతల నుంచి పక్కింటి ముసలామె దుర్గవ్వ దగ్గింది. పొగ వచ్చిన రోజు నుంచి ఆమెకు ఆ దగ్గు తగులుకుంది. దగ్గు ఆగాక, "పో బిడ్డా, పోతే ఏం పోయింది. ఆ మేడం చాయ గూడ పోస్తదట" అంది.

"నువ్వు పండుకో అవ్వా" అన్నాడు ఓదెలు.

నేను గొంతు తగ్గించాను. ఈ మాట నాలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. "నువ్వు లోపల ఉన్నప్పుడు గాలి నేనే పంపాలె. నాతోని మాట్లాడనోనివి, నేను పంపిన గాలి ఎట్ల పీలుస్తవ్?"

ఆయన చెయ్యి కడుక్కుని మడుల వైపు వెళ్లిపోయాడు.

335వ రోజు

పంకా మామూలు.

ఇతర విషయాలు: పొద్దున లేచేసరికి ఫారం దిమ్మెకు గుచ్చి ఉంది. రెండో వేలిముద్ర పడింది. పుట్టగొడుగుల ఎరువు అంటిన వేలు. గీతలు సరిగా కనబడడం లేదు. మేడం ఒప్పుకుంది.

344వ రోజు

ఇతర విషయాలు: మొదటి గురువారం. నలభై నిమిషాలు. అందులో ఓదెలు మాట్లాడినవి: "మంచిగనే ఉన్నం" మూడు సార్లు, "ఆమెను అడుగుండ్రి" రెండు సార్లు, పుట్టగొడుగులకు తేమ ఎంత ఉండాలన్న విషయం మీద ఆరేడు నిమిషాలు. మేడం తేమ గురించి శ్రద్ధగా అడిగింది. చాయ పోసింది. దుర్గవ్వ చెప్పింది నిజమే.

బయటికి వచ్చాక "అయిపోయినట్టేనా?" అని అడిగాడు.

"వచ్చే గురువారం మళ్ల రమ్మన్నది."

ఆయన తల ఊపాడు. రానని అనలేదు.

351వ రోజు

పంకా మామూలు.

ఇతర విషయాలు: రెండో గురువారం. మేడం ఓదెలును ఒక్కటే అడిగింది. "నాలుగో తలుపు వేశినందుకు స్వరూప మీద కోపం ఉన్నదా?"

"లేదు" అన్నాడు. "ఆమె జేశింది కరెక్టు."

"కరెక్టా కాదా అని నేను అడుగలే ఓదెలూ. కోపం ఉన్నదా?"

ఆయన కుర్చీ గోడ వైపుకు జరుపుకున్నాడు. తర్వాత, "ఉన్నది" అన్నాడు. "శాన ఉన్నది. తప్పు లేదని తెలుసు. తెలిసినా పోతలేదు. పొద్దున అన్నం పెడుతుంటే ఆ చెయ్యే కనవడ్తది. తలుపు మీట గుంజిన చెయ్యి. నేను ఆ పొద్దు మడులకు గడ్డి తెచ్చెటందుకు పైకి పోతి. లేకుంటే ఇద్దరం ఉందుము. నువ్వు జెర ఆగుదువేమో స్వరూపా. మొగుడు ఉన్నడని ఆగుదువేమో. మరిది గాబట్టి ఆగలేదేమో. గిట్ల మనసుల పడ్డది. ఇది నోట్లెకెల్లి వస్తే ఇగ నువ్వు ఇంట్ల ఉంటవా? అందుకే జెప్పలే."

నేను చెప్పాల్సింది ఉంది. ఈ లాగ్‌లోనూ రాయనిది.

"ఆగిన" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"సారు ఫోన్ జేశింది పది నలభైకి. లాగ్‌ల గదే రాసిన. కానీ తలుపు వేశింది పది నలభై నాలుగుకు. నాలుగు నిమిషాలు ఆగిన. మొగిలి వస్తడేమోనని. రాలే. ఆ నాలుగు నిమిషాలల్ల పొగ మన గ్యాలరీలకు వచ్చింది. దుర్గవ్వ దగ్గు గప్పటి నుంచే."

ఓదెలు లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. దాన్ని లేపి సరిగా పెట్టాడు. వెళ్లిపోయాడు.

మేడం తలుపు వైపు చూసింది. "ఈ గదిల మాట బయటికి పోదు" అంది.

పోకపోతే ఎలా అని నాకు అనిపించింది.

352వ రోజు

దిద్దుబాటు: మొదటి రోజు ఎంట్రీలో నాలుగో తలుపు మూసిన సమయం 10.40 అని ఉంది. అది తప్పు. 10.44 అని చదువుకోవాలి. ఆలస్యానికి కారణం ఆపరేటర్. సంతకం: స్వరూప.

ఇతర విషయాలు: దిద్దుబాటు కాగితాన్ని ఐలయ్య సారుకు ఇచ్చాను. తర్వాత దుర్గవ్వ ముందు నేల మీద కూర్చుని జరిగింది చెప్పాను. ఆమె నమిలే ఆకు నమలడం ఆపి విన్నది.

"అయితే నా దగ్గు నీ వల్లనన్నట్టు" అంది.

"అవును అవ్వా."

"పిలగాడు వస్తడని ఆగినవ్."

"అవును."

ఆమె కాసేపు దగ్గింది. నాకు చూపించడానికి దగ్గిందో, నిజంగానే వచ్చిందో తెలియదు. "రోజు పొద్దుగాల ఉడుకు నీళ్లు పెట్టియ్యి. మిరియాలు ఎయ్యి. నేను సచ్చేదాంక" అంది.

ఇవాళ్టి నుంచి మొదలుపెట్టాను.

ఓదెలు రాత్రి మడుల దగ్గరే పడుకున్నాడు.

354వ రోజు

ఆపరేటర్‌గా ఇది నా చివరి ఎంట్రీ. ఆరు నెలలు పంకా గదికి రావద్దని ఆర్డరు. నా చోట సదానందం వస్తాడు. మంచి పనిమంతుడు. కొంచెం తొందరపాటు మనిషి.

ఆర్డరు ఇస్తూ ఐలయ్య సారు, "లాగ్ మొత్తం సదివిన" అన్నాడు. ఇతర విషయాల గడి కూడా చదివానని చెప్పడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. "ఉప్పు లేని కూర సంగతి... నేను ఇంటికి వోయి మా ఆమెను అడిగిన. కూర ఎట్లున్నదో నేను ఎన్నడన్న జెప్పిన్నా అని. ఇరవై ఏండ్లల్ల ఒక్కసారి గూడ జెప్పలేదట."

ఆయన ఒక ఖాళీ పుస్తకం ఇచ్చాడు. "రాసే అలవాటు ఇడవకు" అన్నాడు. ఇక నుంచి అందులో రాస్తాను.

358వ రోజు

గురువారం. ఓదెలు రాలేదు. నేనొక్కదాన్నే కూర్చున్నాను. మేడం రెండు గ్లాసుల్లో చాయ పోసి, రెండోది అలాగే ఉంచింది. నలభై నిమిషాలకు చల్లారిపోయింది. నేను అక్కడ కొంచెం ఏడ్చాను. కొంచెమే.

ఓదెలుకు అన్నం రోజూ మడుల దగ్గరికి పంపిస్తున్నాను. గిన్నె కడిగి తిరిగి వస్తోంది. మంచిగుందని కబురు రావడం లేదు. అది మంచిదో చెడ్డదో తెలియడం లేదు.

చెప్పకుండా ఉంటే ఆయన ఇంట్లోనే ఉండేవాడు. మంచిగానే ఉండేవాళ్లం. ఈ ఆలోచన రోజుకు పదిసార్లు వస్తోంది. పంకా పని లేదు కాబట్టి ఆలోచించడానికి సమయం దొరుకుతోంది.

365వ రోజు

గురువారం. మొగిలి పోయి నేటికి ఏడాది.

నేను వెళ్లి కూర్చున్న పావుగంటకు తలుపు తెరుచుకుంది. ఓదెలు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. మేడం రెండో గ్లాసులో చాయ పోసింది.

"ఆ నాలుగు నిమిషాలు ఏం జేశినవ్?" అన్నాడు. నేల వైపు చూస్తూ అడిగాడు.

"పిలిచిన."

"పేరు వెట్టా?"

"పేరు వెట్టి. తలుపుల నిలబడి."

"ఏమని పిలిచినవ్?"

"మొగిలీ, ఉరికిరారా, తలుపు ఏస్తున్న. గదే. మళ్ల మళ్ల గదే. ఆఖరికి మొగిలీ అనుడొక్కటే అయింది."

"ఎన్నిసార్లు?"

ఒత్తిళ్లు, వేగాలు, నిమిషాలు, అన్నీ లెక్కపెట్టడమే ఇన్నేళ్లు నా పని. "లెక్కవెట్టలే" అన్నాను.

"ఆడికెల్లి ఏమన్న వినవడ్డదా?"

"పంకా చప్పుడే."

ఓదెలు రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఏడాదిలో ఆయన ఏడవడం నేను మొదటిసారి చూశాను. మొగిలి చిన్నప్పుడు పిలిస్తే పలికేవాడు కాదట. ఎక్కడో దాక్కుని, పది సార్లు పిలిపించుకుని, నవ్వుకుంటూ వచ్చేవాడట. ఏడుస్తూనే ఇదంతా చెప్పాడు. మేడం లేచి గోడ వైపు తిరిగి, చాయ పొడి డబ్బాలో ఏదో వెతికింది.

కోపం పోయిందా అని నేను అడగలేదు. ఆయనే అన్నాడు: "కోపం అట్లనే ఉన్నది స్వరూపా. కానీ ఇప్పుడు నీ ముంగట గూసొని ఉంటున్న."

"ఉండనీ" అన్నాను. "నాకు గూడ నీ మీద ఉన్నది. ఏడాది సంది ఉప్పు లేని కూర తిన్నవ్."

"ఏడాదా?"

"ఒక్కపూటే. కానీ ఏడాదైనా తిందువు."

ఆయన కాదనలేదు. ఇద్దరం కలిసి ఇంటికి నడిచాం. దారిలో ఆ ఉప్పు గురించే మాట పెరిగింది. ఇంటికి చేరాక కూడా ఆగలేదు. నేను తనకు పరీక్ష పెట్టడం తప్పని ఆయన, పేరు రాసి చెప్పకపోవడం తప్పని నేను. తెర అవతల దుర్గవ్వ దగ్గు కూడా ఆపుకొని విన్నది.

370వ రోజు

మంగళవారం. పొద్దున తొమ్మిదికి నాలుగో తలుపు తెరిచారు.

పంకా దగ్గర సదానందం ఉన్నాడు. నేను జనంలో, గీత గీసిన చోట నిలబడ్డాను. తలుపుకు ఇవతల, ఏ పనీ లేకుండా నిలబడడం ఇదే మొదటిసారి. మీటల వైపు చూడకుండా ఉండడానికి చేతులు కట్టుకున్నాను.

నలుగురు ముసుగులు వేసుకుని లోపలికి వెళ్లారు. వెళ్లే ముందు ఓదెలు వెనక్కి తిరిగి, జనంలో నేనెక్కడున్నానో చూసుకున్నాడు. చెయ్యి ఎత్తలేదు. చూసుకుని వెళ్లాడు.

రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఒకసారి సదానందం గాలి కొంచెం తగ్గించాడు. నేను పంకా చప్పుడును బట్టి గుర్తుపట్టాను. నోరు తెరిచేలోపు ఆయనే సరిచేశాడు.

బయటికి వచ్చినప్పుడు స్ట్రెచర్ మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. కప్పిన తీరు చూస్తే ఓదెలే కప్పి ఉంటాడని తెలిసింది. అంచులు కిందికి దోపి ఉన్నాయి. తలుపు దాటి పదడుగులు వచ్చి కిందికి దింపారు. ఓదెలు ముసుగు తీశాడు. కళ్ల చుట్టూ తప్ప ముఖమంతా మసి.

నేను దగ్గరికి వెళ్లాను. మొగిలి ఎక్కడ దొరికాడో నేను అడగలేదు. తలుపుకు దగ్గరలోనా, దూరంగానా. ఇంకో నాలుగు నిమిషాలు చాలేవా, నలభై అయినా చాలకపోయేవా. ఆ ప్రశ్న నా ముఖం మీదే ఉంది, ఆయన దాన్ని చదివాడు.

"జెప్త" అన్నాడు మెల్లగా. "గిక్కడ గాదు. ఎల్లుండి, మేడం కాడ జెప్త. నేను జెప్పేటప్పుడు నువ్వు గూసొని ఉండాలె. నేను గూడ గూసొని ఉండాలె."

"సరే" అన్నాను.

ఇక్కడి నుంచి ఇంటివాళ్లే మోయాలి. ఇంటివాళ్లం ఇద్దరమే. మోయడానికి వచ్చినవాళ్లను ఓదెలు చేత్తో ఆపి, ముందు వైపుకు వెళ్లి వంగాడు. నేను వెనక వైపు పట్టుకున్నాను. అనుకున్నంత బరువు లేడు.

"పట్టు దొరికిందా?" అని ముందు నుంచి అడిగాడు.

"దొరికింది."

"లేపుతున్న మరి" అన్నాడు. లేపాం.